మీటరు మీద వెండి చుక్క

"ఇది పన్నెండు అని చూపిస్తుంది. ఇచ్చేది మాత్రం పన్నెండు కాదు. ఇలాంటిదాన్ని ఏమంటారండీ?"

వానలోంచి కొట్లోకి దూసుకొచ్చిన అమ్మాయి నోటి వెంట వచ్చిన మొదటి మాట అది. నమస్కారం లేదు, ఏవండీ అని పిలుపు లేదు. జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. రెండు చేతులా తువ్వాలు చుట్టిన మూటొకటి, పసిబిడ్డని ఎత్తుకున్నట్టు గుండెకి హత్తుకుని ఉంది. తను నిలువునా తడిసింది గానీ మూట మాత్రం పొడిగానే ఉంది.

మెకానిక్ సోల్డరింగ్ ఐరన్ స్టాండులో పెట్టి తలెత్తాడు. ఎత్తిన తల మళ్ళీ దించడం మర్చిపోయాడు.

"ఏమంటారో చెప్పరేం?"

"అబద్ధాలకోరు అంటామండీ," అన్నాడు తేరుకుని. "కూర్చోండి. ఆ తువ్వాలు ఇటివ్వండి. అంటే, లోపలున్నది నాకివ్వండి. తువ్వాలుతో మీరు తల తుడుచుకోండి."

"తువ్వాలు దీనికోసం తెచ్చాను."

"దానికి జలుబు చెయ్యదండీ. మీకు చేస్తుంది."

కౌంటర్ అవతలి చివర కిసుక్కుమని నవ్వు వినిపించింది. ఆ కొట్టు సగం అతనిది, సగం వాళ్ళ పిన్నిది. కుడివైపు వైర్లు, బోర్డులు, గుండె విప్పుకుని పడున్న రేడియోలు. ఎడమవైపు పిన్ని బొత్తాలు, జిప్పులు, పూసలు, బట్టల మీద అంటించే వెండి చుక్కలు. కొత్తవాళ్ళు బొత్తాల కోసం వచ్చి మిక్సీ సంగతి అడగడం, మిక్సీ కోసం వచ్చి లేసు కొనుక్కుపోవడం అక్కడ మామూలే.

"పొద్దుట్నించీ మూడు మాటలు మాట్లాడలేదమ్మా వీడు," అంది పిన్ని. "నువ్వొచ్చావు, నోరు పెగిలింది."

"పిన్నీ, నీ బేరాలు చూసుకో!"

అమ్మాయి నవ్వు ఆపుకుంటూ తువ్వాలు విప్పింది. లోపల పాత పవర్ సప్లై ఉంది. బల్ల మీద పెట్టుకుని నాబ్ తిప్పితే కావలసినన్ని వోల్టులు ఇచ్చే పెట్టె. ముందువైపు ఎర్రటి అంకెలు. అతను ప్లగ్గు పెట్టి, నాబ్ తిప్పి, పన్నెండు దగ్గర ఆపాడు. తన మల్టీమీటరు తీగలు రెండూ ఆనించాడు. మీటరు మీద అంకెలు పదిహేను దాటి నిలబడ్డాయి.

"నిజమే. పచ్చి అబద్ధం ఆడుతోంది."

"చెప్పానా! దీన్ని నమ్మే ఒక బల్బు మాడ్చుకున్నాం. టప్పుమని పోయింది."

"బల్బే కదండీ, ఇంకోటి..."

"ఇంకోటి లేదు!" అందామె. "ఉంది, ఒక్కటే ఉంది. ఆ బల్బులు చేసే కంపెనీ ఎప్పుడో మూతపడింది."

అప్పుడు చెప్పింది. వాళ్ళ నాన్న నక్షత్రశాల ఆపరేటర్. గుండ్రటి కప్పున్న హాలు. మధ్యలో ఒళ్ళంతా సన్నటి చిల్లులున్న నల్లటి బంతి, దాని లోపల చిన్న బల్బు. బల్బు వెలిగితే చిల్లుల్లోంచి వెలుతురు వెళ్ళి కప్పు నిండా చుక్కలు పూస్తాయి. మిషన్‌తో వచ్చిన కరెంటు పెట్టె పాడైపోయి, ఈ పవర్ సప్లైతో నెట్టుకొస్తున్నారు. ఈ ఆదివారం నాన్నకి ఆఖరి షో. సోమవారం నుంచి మిషన్ కూతురి చేతికి వస్తుంది.

"సర్వీసంతా నాన్న మిషన్ వెనకాలే నిలబడ్డాడండీ. హాల్లో సీట్లో కూర్చుని చూడనే లేదు. ఎప్పుడూ చీకట్లో నాబ్‌లూ స్విచ్‌లూ తడుముకోవడమే. అందుకే ఆదివారం షో నేను వేస్తానన్నాను. ఆయన మధ్య సీట్లో కాళ్ళు చాపుకుని కూర్చోవాలి, అంతే. ఆ బల్బు కూడా పోయిందంటే మాత్రం..."

"పోదు," అన్నాడు మెకానిక్. ఎందుకంత గట్టిగా అన్నాడో అతనికే తెలీదు. "నేను చూసుకుంటాను."

ఆమె వెళ్ళిపోయింది. వాన వెలిసింది. అతను రేడియో ఒకటి ముందేసుకుని కూర్చున్నాడు గానీ చెయ్యి ఆడలేదు. కప్పు నిండా చుక్కలు ఎలా ఉంటాయో, వాటి కింద చీకట్లో ఆ గొంతు ఎలా వినిపిస్తుందో ఊహించుకుంటూ ఉండిపోయాడు. పిన్ని లోపలికెళ్ళిన సమయం చూసి, ఆవిడ పూసల పెట్టెలోంచి వెండి చుక్క ఒకటి తీశాడు. ఎక్కడ పెట్టుకోవాలో తోచలేదు. పొద్దస్తమానం చేతిలో ఉండేది మీటరే కాబట్టి, దాని అద్దం మీద పైన ఎడమ మూల అంటించుకున్నాడు. అంకెలకి అడ్డం రాలేదు. బాగుందనిపించింది.

మర్నాడు పెట్టె విప్పాడు. స్క్రూడ్రైవర్ పిడితో బోర్డు మీద చిన్నగా తడితే ఎర్ర అంకెలు గంతులేశాయి. ఒకచోట సోల్డర్ బీటలిచ్చింది. దాన్ని కరిగించి మళ్ళీ అతికాడు. అంకెల్ని సరిచేసే చిన్న మర అరిగిపోయి ఉంటే కొత్తది వేశాడు. ఇక మిగిలింది అసలు పని. తన మీటరు పన్నెండు చూపించేదాకా నాబ్ తిప్పాడు. తర్వాత ఆ మరని వెంట్రుకవాసి చొప్పున తిప్పుతూ, పెట్టె మీద అంకెల్ని కూడా పన్నెండుకి తెచ్చాడు.

సాయంత్రం ఆమె వస్తే చూపించాడు. "చూడండి, ఇది పన్నెండు, ఇదీ పన్నెండు. రెండూ ఒకే మాట మీదున్నాయి."

"నమ్మొచ్చా?"

"కళ్ళు మూసుకుని."

ఆమె నిజంగానే కళ్ళు మూసుకుంది. రెప్పపాటు అలాగే ఉండి, తెరిచి నవ్వింది.

"మీటరు మీద ఆ చుక్కేంటండీ?"

"అదా? అది... అద్దం మీద గీత పడింది. కనపడకుండా కప్పాను."

అవతల పిన్నికి ఉన్నట్టుండి దగ్గు వచ్చింది.

*

శుక్రవారం ఎండ కాసింది గానీ ఆమె మొహం మాత్రం మబ్బు పట్టి ఉంది. ఈసారి పెట్టెకి తువ్వాలు కూడా చుట్టలేదు.

"మళ్ళీ వచ్చారే! ఏం, దానికి జలుబు చేసిందా?" అన్నాడు మెకానిక్ హుషారుగా.

ఆమె నవ్వలేదు. సంచీలోంచి పసుప్పచ్చటి మీటరొకటి తీసి కౌంటర్ మీద పెట్టింది. "పన్నెండుకి పెట్టండి."

పెట్టాడు. పెట్టె పన్నెండు అంది. అతని మీటరు పన్నెండు అంది. ఆమె మీటరు మాత్రం పది పాయింట్ ఎనిమిది దగ్గర ఆగిపోయింది.

"ఇదెక్కడ కొన్నారు? బొమ్మల కొట్లోనా?"

"ఎక్కడ కొంటే మీకేం? తేడా ఉందా లేదా?"

"తేడా మీ మీటర్లో ఉంది. నాది చదువుకునే రోజుల్లో కొన్నది. ఇన్నేళ్ళలో ఒక్క అబద్ధం ఆడలేదు."

"అయితే నాది ఆడుతోందంటారు."

"తెలీక ఆడుతోంది లెండి, పాపం. చౌక సరుకు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. అవతల బొత్తాలు ఏరుతున్న పిన్ని చెయ్యి ఆగిపోయింది.

"మీకు నవ్వులాటగా ఉంది," అందామె. గొంతు తగ్గింది. "మొన్న తీసుకెళ్ళి మిషన్‌కి తగిలించాం. చుక్కలు మసగ్గా వచ్చాయి. కరెంటు సరిగ్గా ఉందా అని నాన్న అడిగాడు. పన్నెండంటే పన్నెండే నాన్నా, కొలిచి చూపించి మరీ ఇచ్చాడు అన్నాను. మీరు చెప్పారు కాబట్టి అన్నాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని చూశాడు. 'అయితే నా కళ్ళే పోయినట్టున్నాయమ్మా' అన్నాడు. నాకూ అలాగే కనిపిస్తున్నాయి నాన్నా అంటే, నన్ను ఓదార్చడానికి అంటున్నావులే అన్నాడు. ఆదివారం ఆ సీట్లో కూర్చోడట. కనపడనిదాని ముందు కూర్చుని ఏం చేస్తాను, ఎవరైనా పిల్లలకివ్వు అంటున్నాడు."

మెకానిక్ మొహంలో హుషారు పోయింది. "కాస్త పెంచి చూడకపోయారా?"

"ఎలా పెంచను? మీ పన్నెండు నిజమైతే, పెంచగానే ఉన్న ఒక్క బల్బూ పోతుంది. అబద్ధమైతే మా నాన్న కళ్ళు బాగున్నట్టు. ఏది నమ్మమంటారో మీరే చెప్పండి."

అతను తన మీటరు దగ్గరికి లాక్కున్నాడు. "నా పనిలో తప్పు లేదండీ," అన్నాడు.

"కళ్ళు మూసుకుని నమ్మమన్నారు. నమ్మాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెట్టె, పసుప్పచ్చ మీటరు రెండూ అక్కడే వదిలేసి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

పిన్ని లేచి గోడ గడియారం దించి అతని ముందు పెట్టింది. "ఇది నిలిచిపోయింది. కొత్త సెల్ తెచ్చాను. నీ గొప్ప మీటరుతో చూసి వెయ్యి."

అతను ముభావంగా సెల్ అందుకుని తీగలు ఆనించాడు. ఒకటి పాయింట్ ఏడు ఎనిమిది. "మంచి సెల్లే పిన్నీ, బలంగా ఉంది," అంటూనే ఆగిపోయాడు.

ఆ సైజు సెల్ ఎంత కొత్తదైనా ఒకటిన్నర ఉంటుంది. మహా అయితే ఇంకాస్త. దాదాపు ఒకటీ ముప్పావు ఎక్కడైనా ఉంటుందా? డ్రాయర్‌లోంచి ఇంకో కొత్త సెల్ తీశాడు. అదీ అంతే. ఇంకో కంపెనీది చూశాడు. అదీ అంతే. గబగబా పసుప్పచ్చ మీటరు తగిలించాడు. ఒకటి పాయింట్ ఆరు. బొమ్మల కొట్టు మీటరు బుద్ధిగా నిజం చెప్పింది.

అతను తన మీటరుని వెలుతురులోకి తిప్పి చూశాడు. అద్దం మీద పైన ఎడమ మూల వెండి చుక్క మెరుస్తోంది. గోటితో మెల్లగా పైకి లేపాడు. దాని కింద చిన్న బ్యాటరీ బొమ్మ వెలుగుతోంది. మీటరు లోపలి బ్యాటరీ నీరసించిపోయిందని చెప్పే గుర్తు అది. బ్యాటరీ నీరసించిన మీటరు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుందని, ఆ గుర్తు కనపడగానే బ్యాటరీ మార్చమని అతను ఎంతమంది కస్టమర్లకి చెప్పి ఉంటాడో! అది పన్నెండు చూపించినప్పుడు అసలు ఉన్నది పదిన్నర చిల్లర. దాని మాట విని పెట్టె అంకెల్ని సరిచేశాడు. ఆ అంకెల్ని నమ్మి ఒక పెద్దాయన తన కళ్ళు పోయాయనుకున్నాడు.

"ఓరి నా తెలివీ!" అని తల పట్టుకున్నాడు.

"చుక్క నా పెట్టెలోదే కదూ?" అంది పిన్ని. "ఆ సాయంత్రమే చూశాన్లే. అడిగితే సిగ్గుపడతావని ఊరుకున్నాను. ముందు నీ బ్యాటరీ మార్చుకో, తర్వాత ఆ అమ్మాయి కాళ్ళో వేళ్ళో పట్టుకో."

*

అతను నక్షత్రశాల చేరేసరికి వాన మళ్ళీ అందుకుంది. పవర్ సప్లై పిన్ని తువ్వాలులో ఉంది. గొడుగు తేవాలన్న ఆలోచన రాలేదు. గుమ్మంలో నీళ్ళు కారుతూ నిలబడ్డ అతన్ని చూసి అమ్మాయి పక్కకి జరిగి దారిచ్చింది. లోపల ఒక పెద్దాయన నల్లటి బంతిని మెత్తటి గుడ్డతో తుడుస్తున్నాడు.

అతను తిన్నగా పెద్దాయన దగ్గరికే వెళ్ళాడు. "సార్, మీ కళ్ళు బాగున్నాయి. నా మీటరే బాగాలేదు. దానిలో బ్యాటరీ అయిపోయింది, నేను చూసుకోలేదు. పన్నెండు అని చెప్పి మీకు పదిన్నరే ఇచ్చాను. ఎవరికైనా అలాగే మసగ్గా కనిపిస్తాయి. తప్పు నాది సార్. ఇప్పుడు రెండు మీటర్లతోనూ చూసి సరిచేశాను."

పెద్దాయన గుడ్డ పక్కన పెట్టి అతన్ని ఎగాదిగా చూశాడు. "నిజంగా అంటున్నావా బాబూ? మా అమ్మాయి నేర్పి పంపిందా?"

"ఆవిడ నాతో మాట్లాడ్డం లేదండీ."

"అబ్బో!" అన్నాడాయన. కాసేపు కప్పు వైపు చూశాడు. అక్కడ తెల్లటి సున్నం తప్ప ఏమీ లేదు.

"వేసి చూద్దామా నాన్నా?" అంది అమ్మాయి.

"వద్దమ్మా. వెయ్యకు." "మళ్ళీ మసగ్గా కనిపిస్తే నేను తట్టుకోలేను. ఆదివారమే చూస్తాను. ఆ సీట్లోనే కూర్చుని చూస్తాను. ఏదైతే అదే." ఆ మాట అని, టీ పెట్టుకొస్తానంటూ పక్క గదిలోకి వెళ్ళిపోయాడు.

ఇద్దరే మిగిలారు. గుండ్రటి కప్పు మీద వాన చప్పుడు వినిపిస్తోంది.

"మీటర్లో బ్యాటరీ అయిపోతే గుర్తు వెలుగుతుందట కదా," అందామె కటువుగా. "నా మీటరు పుస్తకంలో రాసుంది. మీకు కనపడలేదా?"

"దాని మీద చుక్క ఉంది."

"ఏ చుక్క? గీత కప్పడానికి అంటించానన్నారే, అదా?"

"గీత లేదు. ఉత్తినే చెప్పాను."

"మరెందుకు అంటించారు?"

అతను తువ్వాలు కొస మెలితిప్పాడు. ఇక దాచడానికి ఓపిక లేదు. "మీరు మొదటిసారి వచ్చి వెళ్ళిన సాయంత్రం అంటించానండీ. పనిలో ఉన్నంతసేపూ చూసుకోవచ్చు కదా అని. మీరంటే నాకు ఇష్టం. అది ఆవేళే తెలిసింది. ఇలా చెప్పాల్సొస్తుందని తెలిస్తే ఇంకెక్కడైనా అంటించుకునేవాణ్ణి."

ఆమె మొహం పక్కకి తిప్పుకుంది గానీ, చెంప మీద నవ్వు దాగలేదు.

"ఎక్కడుంది ఇప్పుడది?"

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని వేలి కొసన పెట్టుకుని చూసింది. తిరిగి ఇవ్వలేదు.

"ఆదివారం మీరు మిషన్ పక్కనే కూర్చోవాలి," అంది. "ఆ అంకెల మీంచి కళ్ళు తిప్పడానికి వీల్లేదు. తేడా వస్తే చెవి మెలిపెడతాను."

*

ఆదివారం హాలు నిండిపోయింది. పిల్లల గోల, పెద్దల గదమాయింపులు. మధ్య సీట్లో పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, పరీక్ష రాయబోయే కుర్రాడిలా బిగదీసుకుని కూర్చున్నాడు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకి తెలియడం లేదు. నాబ్‌లు లేని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

దీపాలు ఆరిపోయాయి. మెకానిక్ స్టూలు మీద కూర్చుని ఎర్ర అంకెల మీదే కళ్ళు పెట్టాడు. పక్కన ఆమె నాబ్ తిప్పడం మొదలుపెట్టింది. ఆరు. ఎనిమిది. పది. కప్పు మీద చుక్కలు పసుప్పచ్చగా, నిద్రమత్తులో ఉన్నట్టు వచ్చాయి. పదకొండు. ఆమె చెయ్యి ఆగింది.

"తిప్పండి," అన్నాడు గుసగుసగా. "నమ్మండి."

తిప్పింది. పన్నెండు. బల్బు పోలేదు. కప్పు మొత్తం ఒక్కసారిగా తెల్లగా, సూదిమొనల్లాంటి చుక్కలతో నిండిపోయింది. పిల్లల గోల ఠక్కున ఆగింది. ఆ నిశ్శబ్దంలో మధ్య సీట్లోంచి ఒక గొంతు వినిపించింది.

"అమ్మాయ్! చిన్నచిన్నవి కూడా కనిపిస్తున్నాయే! అన్నీ కనిపిస్తున్నాయే!"

ఆమె వంగి, "అవి ఎప్పుడూ ఉన్నాయి నాన్నా," అని మైకులోనే అంది. ఆ తర్వాత షో మొదలుపెట్టింది. ఇది ఉత్తరం, ఇది తూర్పు, ఇవి ఏడుగురు అన్నదమ్ముల్లా కలిసి తిరిగే చుక్కలు అంటూ ఆమె చెబుతుంటే, మెకానిక్ వారం రోజులుగా ఊహించుకున్న గొంతు ఇదేనని తెలుసుకున్నాడు. ఊహకన్నా ఇదే బాగుంది. చుక్కలు మెల్లగా కప్పు మీద జరుగుతున్నాయి. పైన వాన సన్నగా కురుస్తోంది. ఇలా ఎంతసేపైనా ఉండిపోవచ్చనిపించింది.

ఎర్ర అంకెల వెలుతురులో ఏదో తళుక్కుమంది. కిందికి చూశాడు. స్విచ్‌ల పక్కన ఆనించిన ఆమె చేతి మీద, బొటనవేలి మొదట్లో, వెండి చుక్క ఉంది. అతను చెయ్యి చాపి ఆ చేతి మీద ఆనించాడు. ఆమె తన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

ఆమె మాట మధ్యలో ఆగిపోయింది. హాలు ఆగింది. ఆకాశం కూడా అక్కడే ఆగిపోయింది. ఎంతసేపో ఇద్దరికీ తెలీదు.

"అమ్మాయ్," అంది మధ్య సీటు. "చంద్రుడేడీ? ఈపాటికి రావాలే!"

హాలంతా గొల్లుమంది. ఆమె ఉలిక్కిపడి స్విచ్ వేసింది. చంద్రుడు హడావిడిగా తూర్పున ఎక్కాడు.

షో అయిపోయింది. జనం వెళ్ళిపోయారు. పెద్దాయన మాత్రం సీట్లోంచి లేవలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నాడు. ఈసారి ఎందుకు తుడుచుకుంటున్నాడో ఎవరూ అడగలేదు. ఇద్దరూ వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"సారీ నాన్నా, చంద్రుడు లేటయ్యాడు. స్విచ్ పట్టేసింది."

"స్విచ్ పట్టేసిందా?" ఆయన కూతురి చేతి మీద వెండి చుక్కని చూశాడు, మెకానిక్ మొహం చూశాడు. "నా సర్వీసు మొత్తంలో చంద్రుడు లేటవడం ఒక్కసారే జరిగిందమ్మా. మీ అమ్మ మొదటిసారి షో చూడ్డానికొచ్చిన రోజు. అప్పుడు నేనూ స్విచ్ పట్టేసిందనే చెప్పాను. మీ తాతయ్య నమ్మలేదు."

ఆమె చెంపలు కందిపోయాయి. మెకానిక్ నేల చూపులు చూస్తున్నాడు.

"ఏం బాబూ, మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరు?"

"మా పిన్ని అండీ. బొత్తాల కొట్టు."

"వచ్చే ఆదివారం షోకి తీసుకురా. ఆవిడకీ నాకూ పక్కపక్కన సీట్లు ఉంచమంటాను. మాట్లాడుకోవలసినవి ఉంటాయిగా." ఆయన లేచి నిలబడి, కూతురి వైపు వంగి, అందరికీ వినపడే గుసగుసతో అడిగాడు. "అది సరేగానీ, ఇతన్ని నమ్మొచ్చంటావా?"

ఆమె మెకానిక్ జేబులోంచి తొంగిచూస్తున్న మీటరు లాగి, అద్దం మీద ఎడమ మూల ఒకసారి చూసింది. అక్కడ ఏ గుర్తూ వెలగడం లేదు.

"నమ్మొచ్చు నాన్నా," అంది. "కొత్త బ్యాటరీ వేయించాను."